పొట్టి తుపాకి, ఒక్కటే గుండు

మేఘశైల దుర్గంలో ఆయుధశాల తలుపులు కిర్రుమంటూ తెరుచుకునేసరికి కొండ మీద ఎండ ఇంకా పసుపు రంగులోనే ఉంది. కోట ముంగిట వేటగాళ్లు బారులు తీరి నిలబడ్డారు. కొండ గూడేల వాళ్లు, నదీతీరపు పల్లెల వాళ్లు, యుద్ధాలు లేక పని పోయిన పాత సైనికులు, అందరూ ఆ బారులో ఉన్నారు. వాళ్ల మధ్య పొట్టిగా, సన్నగా, నల్ల తలపాగా చుట్టుకుని నిలబడ్డ కుర్ర వేటగాడి పేరు మొగిలయ్య.

కోటద్వారం దగ్గర చెప్పిన పేరు అది. పనసజిగురుతో అంటించిన మీసం కింద పెదవి విపరీతంగా దురదపెడుతున్నా చెయ్యి పైకి లేవనివ్వకుండా పిడికిలి బిగించుకున్న ఆ మనిషి అసలు పేరు మొగలి. కొండవాగు గూడెం నాయకుడి కూతురు. రాజకుమారుడు వసంతకేతు పెళ్లాడిన ఇల్లాలు.

ఆ పెళ్లి ముచ్చట ఎక్కువకాలం సాగలేదు. వసంతకేతు పినతండ్రి దుర్ధరవర్మ సొంత అన్నను చెరలో వేసి సింహాసనం ఎక్కాడు. అన్న కొడుకుని చంపితే ప్రజలు తిరగబడతారని భయపడి, తన మంత్రవాది కాకోలుడి చేత అతన్ని మృగంగా మార్పించాడు. గుర్రమంత ఎత్తు, మెడ నిండా జూలు, ఎండుకొమ్మల్లా చీలికలు చీలిన కొమ్ములు ఉన్న మగ కణుజు. మొగలి కళ్ల ముందే అది ఒక్క గెంతులో ప్రహరీ దాటి అడవిలో పడింది. దాని రొమ్ము మీద అరచేయంత తెల్లమచ్చ ఒకటే, అతను వేసుకున్న ముత్యాల పతకం ఉండాల్సిన చోట.

ఇప్పుడు దుర్ధరవర్మ చాటింపు వేయించాడు. రొమ్ము మీద తెల్లమచ్చ ఉన్న కణుజును కొట్టి కొమ్ములు తెచ్చినవాడికి సామంతపదవి. అడవిమృగాన్ని వేటాడితే ఎవరు తప్పు పడతారు?

"అమ్మీ, తల దించుకో. వాడు ఇటే చూస్తున్నాడు," అని వెనకనుంచి గొణిగాడు దుగ్గన్న. మొగలికి చిన్నాయన. చిన్నతనంలో ఆమెకు వేట నేర్పినవాడు, ఈ చావుబతుకుల ప్రయాణంలో తోడు వచ్చినవాడు అతనొక్కడే.

ఆయుధశాల గడప పక్కన పులిచర్మం మీద కాకోలుడు కూర్చుని ఉన్నాడు. కట్టెలా ఎండిన ఒళ్లు, భుజాల నిండా కాకి ఈకల ఉత్తరీయం, రెప్ప వాల్చని కళ్లు. లోపలికి పోయే ప్రతి వేటగాణ్ణీ ముక్కుపుటాలు ఎగరేసి వాసన చూస్తున్నాడు. అతని దగ్గర ఊడిగం చేసి పారిపోయి వచ్చిన ముసలమ్మ మొగలికి ఒక రహస్యం చెప్పింది. మనిషి రూపంలో ఉన్నంతసేపు కాకోలుడి ఒంటికి ఇనుమూ తగలదు, సీసమూ తగలదు. అయితే రాజు వేటకు బయలుదేరిన రోజున మృగాలను అదిలించడానికి అతను అడవిదున్న రూపం ఎత్తుతాడు. ఆ రూపంలో దున్న ఎలా చస్తుందో అతనూ అలాగే చస్తాడు. చస్తే అతను వేసిన మంత్రాలన్నీ విడిపోతాయి. గాయపడి బతికాడా, అతను మార్చినవాళ్లు మారిన రూపంలోనే శాశ్వతంగా ఉండిపోతారు.

కాబట్టి కొట్టాలంటే ఒక్క దెబ్బకే పడాలి. రెండో దెబ్బకు ఎలాగూ అవకాశం లేదు. చేతికి తుపాకులిస్తే ఎక్కడ తన మీదికే తిప్పుతారోనని దుర్ధరవర్మ భయం. ఒక్కొక్కరికి ఒక తుపాకి, ఒక గుండు, ఒక కొలత మందు. అంతే.

"తర్వాత ఎవడ్రా?" అని కేకవేశాడు ఆయుధశాల అధికారి రణభేరుండుడు. బాన లాంటి పొట్ట, దానికి తగ్గ గొంతు. "రా, త్వరగా ఏరుకో! ఇదేమీ పెళ్లిచూపులు కాదు!"

మొగలి గడప దాటింది. ఆ ఆయుధశాల సొగసు వర్ణించాలంటే ఒక పూట చాలదు. గోడల పొడవునా ఏనుగు దంతాలను మేకుల్లా దిగ్గొట్టి వాటి మీద తుపాకులు వేలాడదీశారు. నెమలిమెడల్లా వంగిన మడమలు, వెండితీగ పొదిగిన గొట్టాలు, చెకుముకి రాయిని నోట కరిచిన మకరాలు, మీట ఉండాల్సిన చోట ముడుచుకున్న తామరమొగ్గలు. పైన గాజుపలకల్లోంచి దిగిన ఎండ వాటి మీద పడి గదంతా చేపల చెరువులా మెరుస్తోంది.

మొగలి కళ్లు ఆ మెరుపుల మీద నిలవలేదు. మొదట చేతికి అందింది పొడవాటి సన్నగొట్టం తుపాకి. ఎత్తి చూసింది. ఈకలా తేలిక, చూపు పోయినంత దూరం గురి. కానీ దాని గుండు రేగిగింజంత. దుప్పికి సరిపోతుంది, లేడికి ఎక్కువే. అడవిదున్న భుజంలో అది చీమకుట్టినట్టు దిగి ఎముక దగ్గర ఆగిపోతుంది. ఆ తర్వాత తన మొగుడు బతికినన్నాళ్లూ కణుజే.

మూలన పెద్ద తుపాకి ఉంది. ఏనుగుల కోసం చేసింది. గొట్టంలో పిడికిలి పట్టేలా ఉంది. దాని మీద చెయ్యి వేయబోయి ఆగిపోయింది. వెనకనుంచి కాకోలుడి చూపు వీపులో ముల్లులా దిగుతోంది. కణుజు వేటకు వచ్చినవాడు ఏనుగు తుపాకి అడిగితే, ఈ గదిలోంచి తలతో బయటికి పోడు.

కణుజు కోసమని చెప్పి నమ్మించాలి, దున్నను పడగొట్టాలి. అలాంటి తుపాకి ఈ గోడ మీద ఉందా? ఒకటి నిప్పువత్తిది, వత్తి పొగకు మృగం ఆమడ దూరంనుంచే పసిగడుతుంది. ఇంకొకటి గొట్టం వంకర. మరొకటి భుజానికి ఆనిస్తే మీట దాకా వేలే అందలేదు.

"ఏరా, తెల్లారేదాకా తడుముతావా?" అన్నాడు రణభేరుండుడు.

అప్పుడు కనిపించింది, విరిగిన బరిసెల కుప్ప మీద పడేసి ఉన్న పొట్టి తుపాకి. నగిషీ లేదు, వెండి లేదు. పిల్లవాడి జబ్బంత లావు గొట్టం, నల్లగా కాలిన మడమ. మొగలి దాన్ని ఎత్తి గొట్టంలోకి గట్టిగా ఊదింది. నిప్పు లోపలి మందుకు పాకే చిల్లు, రంజకం చెవిలోంచి గాలి సన్నగా ఈలవేసుకుంటూ బయటికొచ్చింది. అంటే దారి శుభ్రంగా ఉంది. గోటితో గొట్టం పొడవునా కొట్టుకుంటూ పోయింది. గంటలా ఖంగుమంది, ఖంగుమంది, మొదలు దగ్గరికి వచ్చేసరికి కొంచెం బొంగురుపోయింది. వేలితో తడిమితే అక్కడ వెంట్రుకవాసి అతుకు తగిలింది. ఎప్పుడో పగిలితే కమ్మరి కాల్చి అతికినట్టున్నాడు. భుజానికి ఆనించింది. తన కోసమే కొలిచి చేసినట్టు సరిగ్గా కూర్చుంది. దాని గుండు పెద్ద నేరేడుపండంత.

"ఇది చాలు దొరా," అంది గొంతు బొంగురుచేసి.

"అదా!" రణభేరుండుడు పకపకా నవ్వాడు. "ఒరేయ్, అది పారేసిన ఇనుము రా!"

నవ్వు ఆగకముందే గడప దగ్గరనుంచి సన్నటి గొంతు వినిపించింది. "కణుజుకు అంత గుండు దేనికి?"

కాకోలుడు లేచి వచ్చాడు. అతను దగ్గరికి వస్తుంటే మసానపు బూడిద వాసన ముందుగా వచ్చింది. మొగలి గూడెంలో పుట్టి వేటలో పెరిగినది కాకపోతే ఆ క్షణాన తడబడి చచ్చేదే.

"సామీ, దుప్పి అయితే చిన్న గుండుకు పడుద్ది. కణుజు పడదు. చిన్న గుండు తగిలినా కొండలు దాటి పరిగెత్తి, యాడనో లోయలో దూకి చస్తాది. కొమ్ములు తునకలవుతాయి, మిగిలింది దుమ్ములగొండి తింటాది. ఏలినవారికి కొమ్ములు కావాలంటే నిలబడ్డ చోటే కూలాలి గదా. ఇంక పొట్టిదంటారా, నా చేతులు పొట్టి సామీ. పొడుగుది నాకు అందదు," అంటూ చేతులు చాపి చూపించింది.

రెప్ప వాల్చని కళ్లు ఆమె ముఖం మీదినుంచి మీసం మీదికి, మీసం మీదినుంచి చేతుల మీదికి పోయాయి. "తెలివైనవాడివే," అన్నాడు కాకోలుడు. "ఇవ్వండి."

మందు కొలిచేవాడు పెద్ద కొమ్ముగిన్నె అందుకున్నాడు. కాకోలుడు చిటికెనవేలు ఎత్తాడు. "ఉహూఁ. కణుజు వేటకు వచ్చాడు. కణుజుకు కొలిచే మందే కొలువు. అందరికీ ఒకటే కొలత."

అంత గుండుకు అంత చిటికెడు మందు! అది గుండును పేల్చదు, చేత్తో విసిరినట్టు విసురుతుంది. మొగలి నోరెత్తితే అనుమానం, ఎత్తకపోతే సర్వనాశనం. మందు పొట్లం, గుండు తీసుకుని నుదుటికి ఆనించుకుని దణ్ణం పెట్టి బయటికి నడిచింది. మెట్లు దిగేసరికి ఆమె కళ్ల నిండా నీళ్లు.

* * *

వేటసైన్యం గంధగిరి లోయలోకి దిగింది. ఆ లోయలో వెదురు గుబుర్లు ఆకాశాన్ని చీపురులా ఊడుస్తుంటాయి. మోదుగులు విరగబూసి కొండవాలంతా నిప్పంటుకున్నట్టు ఉంది. సెలయేటి పక్కన గడ్డి మనిషి నడుము దాకా పెరిగి, గాలి వీచినప్పుడల్లా పచ్చపట్టు ముడుచుకున్నట్టు కదులుతోంది. ఇంత అందమైన చోటుకి చంపడానికి వచ్చారు వాళ్లంతా.

సెలయేటికి ఈవల చెట్టు మీద రాజుకు మంచె కట్టారు. దాని కింద రణభేరుండుడు, భటులు, వేటకుక్కలను పట్టుకున్న మనుషులు. ఇరుపక్కలా వేటగాళ్లు పొదల్లో దాక్కున్నారు. కొండ అవతల డప్పులు మోగడం మొదలైంది.

మొగలీ, దుగ్గన్నా ఒక పెద్ద మద్దిచెట్టు వెనక కూలబడ్డారు. ఆమె పొట్లం విప్పి చూపించింది.

"ఇంతే ఇచ్చాడు చిన్నాయనా. దీనితో దున్న తోలు కూడా చీలదు. ఇంక అయిపోయింది. నా రాత ఇంతే."

దుగ్గన్న తన నడుములోంచి పొట్లం తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"మరి నీకు?"

"నా తుపాకిని కర్రలాగా పట్టుకుంటాను. నాకెందుకే మందు? నేను ఎవుర్ని కొట్టాల? పోసుకో."

"గొట్టం మొదట్లో అతుకుంది. రెండు కొలతలూ పోస్తే పగులుద్దేమో."

దుగ్గన్న వేలితో ఆ అతుకును తడిమి చూశాడు. "పగిలిందంటే నీ మొహం ఉండదు తల్లీ."

"పొయ్యకపోతే నా మొగుడుండడు," అంది మొగలి. రెండు పొట్లాల మందూ గొట్టంలో ఒంపేసి, గుడ్డపీలిక చుట్టి గుండు దింపి, కడ్డీతో దట్టించింది.

డప్పులు దగ్గరపడ్డాయి. అడవి పగిలినట్టు మృగాలు బయటపడ్డాయి. ముందు కుందేళ్లు, తర్వాత దుప్పులమంద. పొదల్లోంచి తుపాకులు ఢామ్మని మోగాయి. దుప్పులు గాల్లోకి ఎగిరి గడ్డిలో పడుతున్నాయి. పొగ సెలయేటి మీద తెరలా కమ్ముకుంది.

ఆ పొగను కొమ్ములతో చీల్చుకుంటూ వచ్చింది కణుజు. సెలయేటి గట్టు మీద ఆగి తల ఎత్తింది. రొమ్ము మీద తెల్లమచ్చ ఎండలో వెలిగింది. డొక్కలు ఎగసిపడుతున్నాయి. మొగలి 'పారిపో! ఆగకు!' అని అరవబోయి నోట్లో తలపాగా కొంగు కుక్కుకుంది.

దాని వెనకే వెదురు గుబురు విరుచుకుంటూ అడవిదున్న వచ్చింది. నీలపు నలుపు ఒళ్లు, వీపు మీద కొండలాంటి మూపు, మోకాళ్ల దాకా తెల్లటి కాళ్లు, కొనలు తేలిన కొమ్ముల మధ్య బండరాయి లాంటి నుదురు. రంకె వేసిందంటే చెట్ల మీది ఆకులు రాలాయి. దాని కళ్లకు రెప్పపాటు లేదు.

మొగలి తుపాకి ఎత్తింది. కానీ దున్న తల వంచి సూటిగా ఇటే చూస్తోంది. ఎదురుగా కొడితే గుండు నుదుటి ఎముక మీద జారిపోతుంది. ముందుకాలి వెనక, భుజం కింద కొట్టాలి. అది పక్కకు తిరగాలి. తిరగడం లేదు. అటు మంచె మీద దుర్ధరవర్మ బంగారు పూతల తుపాకిని తాపీగా భుజానికెత్తి కణుజు రొమ్ముకు గురిపెడుతున్నాడు.

"చిన్నాయనా! రాజు!"

దుగ్గన్న అప్పటికే లేచి పరిగెత్తుతున్నాడు. భటులు తేరుకునేలోగా మంచె నిచ్చెన మీదికి ఎగబాకి, ఖాళీ తుపాకిని కర్రలా తిప్పి రాజు తుపాకిని కిందినుంచి ఎగ్గొట్టాడు. అది ఆకాశంలోకి పేలింది. గుండు ఎక్కడో కొమ్మల్లో తగిలి చిగుళ్లు రాలాయి. మరుక్షణం భటులు అతన్ని కాళ్లు పట్టి కిందికి లాగారు.

ఆ చప్పుడుకు దున్న తల తిప్పింది. తలతోబాటు ఒళ్లూ తిరిగింది. భుజం మొత్తం ఎండలోకి వచ్చింది. మొగలి ఊపిరి బిగబట్టి మీట నొక్కింది.

టక్. అంతే. చెకుముకి ఇనుముకు తగిలింది గానీ నిప్పు రాలలేదు.

దున్న ఆ చిన్న చప్పుడు విన్నది. రెప్ప లేని కళ్లు మద్దిచెట్టు వైపు తిరిగాయి. అంతలోనే తల వంచి, సెలయేటి నీళ్లు చిమ్ముకుంటూ దూసుకొచ్చింది. నేల దద్దరిల్లుతోంది. పరిగెత్తితే తొక్కి చంపుతుంది. నిలబడి కొడితే నుదుటికే తగులుతుంది. మొగలి చెకుముకిని వెనక్కి లాగి, రాతి అంచును బొటనవేలి గోటితో గీరింది. గోరు చీలి రక్తం వచ్చింది. చెట్టు చాటు వదిలి ఎదురుగా నిలబడింది. కొమ్ములు కడుపులో దిగుతాయనుకున్న క్షణంలో పక్కకు ఒరిగి చెట్టు వెనక్కి తిరిగింది. కొమ్ము ఆమె తలపాగాను పీక్కుపోయింది. కొండలాంటి పక్క ఆమె ముందునుంచి దొర్లిపోతుండగా గొట్టాన్ని ముందుకాలి వెనక దాదాపు తోలుకు ఆనించి మీట నొక్కింది.

పిడుగు పడ్డట్టయింది. మడమ ఆమె భుజాన్ని విరగదన్నింది. గొట్టం మొదలు పగిలి మంట చెంప మీద కొట్టింది. వెల్లకిలా పడిపోయింది. కళ్ల నిండా పొగ, చెవుల్లో హోరు. తగిలిందా? లోపలికి దిగిందా? తగిలి బతికిందా? పాక్కుంటూ లేచింది.

దున్న కొన్ని అడుగులు పోయి ఆగింది. దాని నోటివెంట నురగతో రక్తం కారింది. ముందుకాళ్లు మడతపడ్డాయి. కూలిన గోడలా పక్కకు ఒరిగి, ఒక్కసారి తన్నుకుని ఊరుకుంది. చూస్తుండగానే ఆ నల్లటి కొండ కుంగిపోయి, గడ్డిలో కాకి ఈకల ఉత్తరీయం కప్పుకున్న బక్కమనిషి శవం మిగిలింది.

ఆ తర్వాత మొదటి కేక రణభేరుండుడిది. తాను కొట్టిన దుప్పి కొమ్ములు పట్టుకుని ఈడుస్తున్న ఆ భారీ మనిషి చేతిలో ఇప్పుడు కొమ్ములు లేవు, జుట్టు ఉంది. ఏడాదిగా కనబడకుండా పోయిన అతని సొంత తమ్ముడి జుట్టు. "చిన్నోడా! ఒరే చిన్నోడా!" అని ఆ శవాన్ని ఒళ్లోకి తీసుకుని పొట్ట అదిరేలా ఏడవసాగాడు. గడ్డి నిండా అదే. రాజును ఎదిరించి మాయమైన కొలువువాళ్లు, సైనికులు. కొందరు చచ్చిపడి ఉన్నారు, కొందరు నాలుగు కాళ్ల మీద పరిగెత్తబోయి బోర్లా పడుతున్నారు. కాకోలుడు మార్చింది ఒక్క వసంతకేతునే కాదు. వేటగాళ్లు తుపాకులు పారేసి పేర్లు పిలుచుకుంటూ శవాలను తిరగేస్తున్నారు.

మొగలి అవేవీ చూడలేదు. సెలయేటి అవతలి గట్టు మీద అతను నిలబడి ఉన్నాడు. నడుము దాకా గడ్డి, భుజాల మీద పడ్డ జడలు కట్టిన జుట్టు, రొమ్ము మీద తెల్లమచ్చ మాత్రం అలాగే ఉంది. ఆమె మొగుడు. మనిషి రూపంలో ఉన్నాడు.

"ఇదిగో! నేను! మొగలిని!" కాలిన మీసం సగం చెంపకు వేలాడుతుండగా, విడిపోయిన జుట్టుతో నీళ్లలోకి దిగింది.

వసంతకేతు తల చటుక్కున ఎత్తాడు. ముక్కుపుటాలు అదిరాయి. ఆ కళ్లలో గుర్తుపట్టిన వెలుగు లేదు. అవి ఆమె ముఖం దాకా రాలేదు. ఆమె చేతిలో ఇంకా పొగలు కక్కుతున్న పగిలిన తుపాకి మీద ఆగిపోయాయి. ఒళ్లంతా వణికింది. ఒక్క గెంతు గెంతి, వెనక్కి తిరిగి, కొండవాలు ఎక్కి పరిగెత్తసాగాడు.

"అయ్యో, ఆగు! నిన్ను వేటాడేది నేను కాదు!" తుపాకిని నీళ్లలోకి విసిరికొట్టింది మొగలి. అతను అప్పటికే మోదుగుల్లో మాయమవుతున్నాడు.

మంచె మీదినుంచి దుర్ధరవర్మ గొంతు చించుకున్నాడు. "అది ఆడది! వసంతకేతు పెళ్లాం! దాన్ని పట్టుకోండి! వాణ్ణి పోనివ్వకండి, కుక్కల్ని వదలండిరా!"

బరిసెల కింద నేలకు అదిమిపెట్టిన దుగ్గన్న తల ఎత్తి అరిచాడు. "నా కోసం చూడకు అమ్మీ! పో! వాడి వెనక పో!"

పలుపులు తెగినట్టు కుక్కలు ఒక్కుమ్మడిగా నీళ్లలో దూకాయి. మొగలిని రాసుకుంటూ పోయాయి గానీ ఆమె వైపు తిరిగి కూడా చూడలేదు. గట్టెక్కి, అతను నిలబడ్డ గడ్డిలో ముక్కులు పెట్టి, ఒక్క గొంతుతో మొరిగాయి. మనుషుల కళ్లకు అతను మనిషి. కుక్కలకు మాత్రం ఆ అడుగుల్లో ఉన్నది ఇంకా కణుజు వాసనే.

మొగలి విరిగిన భుజాన్ని రెండో చేత్తో అదిమిపట్టుకుని కుక్కల వెనక కొండ ఎక్కింది.